పాత పడుగు, క్రొత్త పడుగు

ధ్యాన భాగములు: నిర్గమకాండము 4:1–5, 1 కొరింథీయులకు 7:17–24



నడివయస్సులో చేయుచున్న పనిని విడిచి వేరొక పనిలో ప్రవేశించుట విశ్వాసికి తగునా? దేవుడు ఒకనిని ఒక పనిలో నిలిపినయెడల కడవరకు దానియందే నిలుచుట నమ్మకత్వము కాదా? ఈ ప్రశ్న చిన్నదిగా కనబడవచ్చును. కాని రాత్రివేళ దీపమార్పిన తరువాత మన సంఘములలోని అనేక కుటుంబములు మెల్లగా మాటలాడుకొను ప్రశ్న ఇదియే.

మేము దీనిని గూర్చి వ్రాయుటకు కారణము కలదు. కొన్ని సంవత్సరముల క్రిందట మా సంఘములో నేతపనివాడైన ఒక సహోదరుడు మాయొద్దకు వచ్చెను. అతనికప్పుడు 42 ఏండ్లు. తాత కూర్చున్న గుంటమగ్గముననే తండ్రియు, తండ్రి కూర్చున్న చోటనే తానును కూర్చుండి 25 ఏండ్లు నేసినవాడు. మరమగ్గముల బట్ట వచ్చిపడి చేనేతకు కూలి గిట్టకపోయెను. ఒక ఆసుపత్రిలో వార్డుబాయి పని దొరకునట్లున్నది, వెళ్లవచ్చునా అని అతడు అడిగెను. మేమును పెద్దలును కొంతసేపు మాటలాడుకొని, కొరింథీయులకు పౌలు వ్రాసిన మాటను చూపి, ఉన్నచోటనే ఉండుమని చెప్పి పంపితిమి. అతడు మారు పలుకక తల వంచుకొని వెళ్లెను. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదని చెప్పలేము. బాగుగనే నిద్రించితిమి. ఇప్పుడు మమ్మును బాధించుచున్నది అదియే.

మేము చెప్పిన మాట సరియైనదేనా అని మమ్మును తిరిగి ఆలోచింపజేసినది ప్రసంగము కాదు. వడగండ్లను పరిశోధించి, పిమ్మట చేపల రక్తమును పరిశోధించిన ఒక శాస్త్రజ్ఞుని కథ. దానిని ముందు చెప్పి, తరువాత మన ప్రశ్నకు వత్తుము.

వడగండ్లు మనకు క్రొత్త కావు. మామిడి పిందెల మీదను, కల్లములోని ధాన్యము మీదను అవి పడునప్పుడు రైతు గుండె ఎట్లుండునో ఎరిగినవారము. వడగండ్లు నిలువయుండు చోటును గూర్చియు, మంచుగడ్డ పుట్టుకను గూర్చియు దేవుడు యోబును ప్రశ్నించెను. యోబు వాటికి బదులు చెప్పలేకపోయెను. అయినను దేవుడు వేసిన ప్రశ్నను వెదకుట మనుష్యునికి నిషేధింపబడలేదు.

అమెరికాలోని కొలరాడో రాష్ట్రమున బౌల్డరు పట్టణములో 1960లో స్థాపింపబడిన జాతీయ వాతావరణ పరిశోధనా కేంద్రము కలదు. అక్కడ చార్లెస్ నైట్ అను శాస్త్రజ్ఞుడు తన భార్య నాన్సీతో కూడ వడగండ్లను పరిశోధించెను. 1971లో ఆ దంపతులు వడగండ్లను గూర్చి సామాన్యులకు తెలియునట్లు ఒక వ్యాసము కూడ ప్రకటించిరి. 1970 సెప్టెంబరు 3వ తేదీన కాన్సాస్ రాష్ట్రములోని కాఫీవిల్ అను ఊర పడిన ఒక వడగల్లు ముప్పాతిక కిలోకు మించి తూగెను. అదియు ఆ కేంద్రమునకే పరీక్షకు చేరెను. వడగల్లును పలుచని బిళ్లగా కోసి, ప్రత్యేకమైన వెలుతురులో పట్టి చూచినయెడల, ఉల్లిగడ్డలోవలె పొరలు కనబడును. ఒక పొరలో మంచుపలుకులు పెద్దవి, మరియొక పొరలో చిన్నవి. ఆ పలుకులనుబట్టి ఆ గడ్డ మేఘములో ఎట్టి చలిలో పెరిగెనో గ్రహింపవచ్చును. ఇట్లు మంచుపలుకు ఎట్లు పుట్టును, ఎట్లు పెరుగును అను విద్య నైట్ కన్నులకు అలవడెను.

ఇదిట్లుండగా భూమికి వేరొక కొనయందు వేరొక చిక్కు బయలుదేరెను. 1961లో ఆర్థర్ డెవ్రీస్ అను యువకుడు దక్షిణధ్రువ ఖండమందలి మెక్‌మర్డో స్థావరమునకు వెళ్లెను. అక్కడి సముద్రజలము ఇంచుమించు మైనస్ 1.9 డిగ్రీల చలిలో ఉండును. సాధారణమైన చేప రక్తము మైనస్ 0.8 డిగ్రీల దగ్గరనే గడ్డకట్టవలెను. కాని అక్కడి చేపలు మంచుగడ్డల నడుమ నిశ్చింతగా ఈదుచుండెను. ఏలాగు? రక్తములోని ఉప్పు ఇందుకు చాలదు. 1969లో డెవ్రీస్ తన గురువైన వోల్‌ష్లాగుతో కలిసి దీనిని గూర్చి ప్రకటించెను. ఆ చేపల రక్తములో గొలుసువంటి పొడవైన అణువులున్నవనియు, చక్కెర తగిలించిన ప్రోటీనులగు ఆ అణువులే వాటిని కాపాడుచున్నవనియు క్రమముగా తెలిసెను. చిన్న కడియలు మరల మరల చేరి గొలుసైన ఇట్టి అణువును శాస్త్రజ్ఞులు పాలిమరు అందురు.

ఈ గొలుసు చలిని పోగొట్టదు. నీటిని వేడి చేయదు. మంచుపలుకు మిక్కిలి చిన్నదిగా ఉన్నప్పుడే దాని ముఖమునకు అంటుకొని విడువదు. అంటిన చోట మంచు పెరుగలేదు. రెండు అణువుల నడుమనున్న ఖాళీలో మంచు ఉబ్బి పైకి రాజూచును గాని, అట్లు వంపు తిరిగిన మంచునకు పెరుగుట కష్టము. కావున అది అక్కడనే ఆగిపోవును. 1977లో రేమండు, డెవ్రీసు అనువారు చూపిన వివరణ ఇదియే.

మంచుపలుకుల పెరుగుదలను గూర్చిన ప్రశ్న గనుక దీనికి మంచును చదువ నేర్చినవాడు కావలసివచ్చెను. వడగండ్లను చూచిన నైట్ కన్ను చేప రక్తమువైపు మరలెను. 1984లో ఆయన డెవ్రీస్‌తోను మరియొక సహచరునితోను కలిసి ఒక వ్యాసము ప్రకటించెను. అందలి సంగతిని మన పిల్లలు కూడ గ్రహింపగలరు. ఐస్‌క్రీము కొంచెము కరగి మరల గడ్డకట్టినయెడల నాలుకకు ఇసుకవలె పలుకులు తగులును. ఏలయనగా చిన్న పలుకులు తరిగిపోవును, వాటి నీటితో పెద్ద పలుకులు ఇంకను పెద్దవగును. చేప రక్తములోని గొలుసు అత్యల్పముగా కలిసినను ఈ పెరుగుదల ఆగిపోవునని వారు చూపిరి. దీనిని పరీక్షించుటకు నైట్ ఒక నీటిబొట్టును ఎత్తునుండి మిక్కిలి చల్లని లోహపు పలకమీద పడవేసి, అది చిట్లి పలుచని బిళ్లగా గడ్డకట్టగా, దానిలోని పలుకులు గంటలు గడచుకొలది పెరుగునో లేదో చూచెడివాడు. పలుచని మంచుబిళ్ల, ప్రత్యేకమైన వెలుతురు! వడగండ్లయొద్ద నేర్చినదంతయు ఇక్కడ పనికివచ్చెను గదా. 1991లో ఆయన సహచరులతో కలిసి, ఇట్టి అణువులు మంచుస్ఫటికముయొక్క ఏ ముఖమునకు అంటుకొనునో కూడ చూపెను. అయినను ఆయన మేఘముల పరిశోధనను విడిచిపెట్టలేదు. రెండును ఆయన యొద్ద కలిసియే యుండెను.

ఇంకొక సంగతి మాకు మిక్కిలి ఆశ్చర్యము కలిగించెను. 1995లో నైట్, ఆయన సహచరులు ప్రకటించిన పరిశోధనలో చేపలకు ఏ సంబంధమును లేని ఒక కృత్రిమ పాలిమరు కూడ మంచుపలుకులను పెరుగనియ్యదని కనబడెను. దాని పేరు పాలీవినైల్ ఆల్కహాలు. అది 1924లో జర్మనీలో తొలుత తయారైనది. జిగురులలో వాడుదురు. అంతేకాదు, మన నేతవారు పడుగునకు గంజి పట్టించునట్లు, మిల్లులలో పడుగు నూలు తెగకుండుటకు ఈ పదార్థమును పట్టింతురు. నూలును కాపాడినదే మంచును ఆపసాగెను. ఆ పదార్థము కూడ నడివయస్సులో పని మార్చుకొనెనని మేము నవ్వుకొంటిమి. 2014లో ఇంగ్లండులోని వారిక్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు, గడ్డకట్టించిన ఎర్ర రక్తకణములు తిరిగి కరగునప్పుడు మంచుపలుకులు పెరిగి వాటిని చీల్చకుండ ఇదే పదార్థము కాపాడగలదని చూపిరి.

ఆ విశ్వవిద్యాలయమువారే 2013లో మరియొక సంగతిని తెలియజేసిరి. ఈ గొలుసులో కడియలు పదికి లోపున్నయెడల మంచును ఆపు శక్తి లేదు. ఇరువది వరకు చేరినయెడల ఆ శక్తి స్పష్టముగా కనబడును. కడియ మారలేదు, పదార్థము మారలేదు. ఒకదానితో ఒకటి చేరి పొడవైనందుననే పట్టు కలిగెను. విడివిడిగా చెదరియున్న కడియలు ఎన్ని యున్నను ఆ పట్టు రాదు.

ప్రియులారా, ఇప్పుడు మన ప్రశ్నకు రండి. ఆ శాస్త్రజ్ఞుని భక్తునిగా చూపుటకు మేము ఇది వ్రాయుటలేదు. సృష్టిలో దేవుడు ఉంచిన ఒక క్రమమును, ఒక మనుష్యుని పనిలో కనబడిన ఒక సంగతిని మాత్రమే మీ ముందుంచితిమి. మన ఏండ్లు ఆ కడియలవంటివి. ఒక్కొక్క ఏడు తనంతట తాను బలహీనమైనది. ఏండ్లు ఒకదానికొకటి అతుకుకొనినప్పుడే జీవితమునకు పట్టు కలుగును. కనుక మనలను మనము అడుగుకొనవలసిన ప్రశ్న, పని మారెనా అనునది కాదు, గొలుసు తెగెనా అనునది.

మేము ఆ సహోదరునికి చూపిన వాక్యభాగమును మరల చదివితిమి. పౌలు అక్కడ ముఖ్యముగా మాటలాడునది మగ్గమును గూర్చియు నాగలిని గూర్చియు కాదు. సున్నతి పొందినవారు, పొందనివారు, దాసులు, స్వతంత్రులు తమ స్థితినిబట్టి దేవుని యెదుట ఎక్కువవారును కారు, తక్కువవారును కారు అని ఆయన బోధించుచున్నాడు. పైగా దాసునికి విడుదల దొరకునెడల దానిని పొందుట మేలని ఆ చోటనే చెప్పుచున్నాడు. మేము ఆ వచనమును దాటి చదివితిమి. ఆ పౌలే కొరింథులో అకుల ప్రిస్కిల్లల యింట డేరాలు కుట్టుచు సువార్త ప్రకటించెను. అపొస్తలుడైనందున తన చేతిపనిని పారవేయలేదు.

మోషేను చూడుడి. అతడు మిద్యానులో మామ మందను మేపుచు ముసలివాడాయెను. మండుచున్న పొదలోనుండి పిలుపు వచ్చినప్పుడు అతడు జంకెను. అప్పుడు దేవుడు అతని చేతిలో ఏమున్నదని అడిగెను. ఉన్నది గొఱ్ఱెలకాపరి కఱ్ఱ. దానిని పారవేసి రాజదండము తెచ్చుకొమ్మని దేవుడు చెప్పలేదు. ఆ కఱ్ఱయే ఫరో యెదుటను సముద్రము యెదుటను చాపబడెను. అరణ్యములో మందను నడుపనేర్చినవాడే అరణ్యములో జనమును నడిపెను. దావీదు సౌలు కవచమును విడిచి, మందయొద్ద అలవడిన వడిసెలనే పట్టుకొనెను. పని మారెను. చెయ్యి మారలేదు.

అయితే ప్రతి మార్పును పిలుపు కాదు. యోనా కూడ బయలుదేరెను, ఓడ కేవు కూడ ఇచ్చెను. దారి దొరికినంతమాత్రమున దేవుడు పంపెనని కాదు. లోతు నీళ్లు పారు ప్రదేశమును చూచుకొని వెళ్లెను గాని పొరుగువారెవరో చూచుకొనలేదు. పౌలు తిమోతికి వ్రాసిన రెండవ పత్రిక చివర రెండు పేర్లు దగ్గరదగ్గరనే కనబడును. దేమా లోకమును ప్రేమించి వెళ్లిపోయెను. మార్కు ఒకప్పుడు పనిని విడిచి తిరిగిపోయినవాడే, కాని ఇప్పుడు పరిచర్యకు ప్రయోజనకరుడాయెను. ఇద్దరును విడిచినవారే. ఒకని గొలుసు తెగెను. రెండవవాని గొలుసు మరల అతుకబడెను.

ఎలీషా నాగలిని కాల్చివేయలేదా అని మీరు అడుగవచ్చును. కాల్చెను. తిరిగిచూడని పిలుపులును కలవు. కాని అతడు ముందుగా తలిదండ్రుల యొద్ద సెలవు పుచ్చుకొనగోరెను, ఎద్దులను కోసి జనులకు భోజనము పెట్టెను. ఎవరి నోటి కూడును తీసికొనిపోలేదు.

కావున పని మార్చుకొనదలచిన సహోదరులారా, సహోదరీలారా, మూడు సంగతులు మీలో మీరే పరీక్షించుకొనుడి.

మొదటిది, వెనుక ఏమి విడుచుచున్నాము? తీర్చని బాకీనా, వృద్ధులైన తలిదండ్రులనా, మన మాట నమ్మియున్నవారినా? వాటిని విడిచిపోవుట మార్పు కాదు, పారిపోవుట.

రెండవది, చేతిలో ఏమి తీసికొనిపోవుచున్నాము? ఇంతవరకు దేవుడు నేర్పినది క్రొత్త చోట ఎవరికి మేలగును? ప్రతి యేడు ఒక పనిని పట్టుకొని, కష్టము రాగానే విడిచి, నేర్చినదంతయు అక్కడనే పారవేయువాడు కడియలు చెదరిన గొలుసువంటివాడు.

మూడవది, ఎవరికొరకు వెళ్లుచున్నాము? కూలి ఎక్కువయని వెళ్లుట పాపము కాదు. ఇంటివారిని పోషించుట దేవుడిచ్చిన ఆజ్ఞయే. అయినను కూలి తప్ప మరి యే తలంపును లేనియెడల, అంతకంటె ఎక్కువ కూలి కనబడిన దినమున మరల విడుచుదుము.

చదువరులలో కొందరు, ‘మాకు ఈ పరీక్షలకు తీరిక ఎక్కడిది? వానలు లేని యేడు పొలము విడిచి పట్నము పోయి ఇటుకలు మోయుదుము. అది పిలుపా, ఆకలియా?’ అని అడుగుదురు. న్యాయమైన మాట. ఆకలివలననే యాకోబు కుమారులు ఐగుప్తునకు దిగిరి. ఆకలివలననే నయోమి యిల్లు విడిచెను. ఆ దారులలో కూడ దేవుడు వారిని విడువలేదు. ఆకలితో కదలినవారిని పరీక్షించుట సంఘము పని కాదు. వారి యింటిని, వారి పిల్లల చదువును చూచుకొనుటయే సంఘము పని. మాబోటి పెద్దలకు చెప్పవలసిన మాట కూడ ఇదియే.

ఆ నేత సహోదరుని సంగతి ముగించవలెను. రెండేండ్ల తరువాత అతడు మరల మాయొద్దకు వచ్చెను.

“అయ్యగారూ, మీరు ఉండమన్నారు, ఉన్నానండి. షావుకారు బాకీ తీరిపోయింది. ఇప్పుడైనా వెళ్లనిస్తారా?” అని అడిగెను.

అప్పటికి మాకు బుద్ధి వచ్చియుండెను. ప్రార్థించి పంపితిమి. ఆ మధ్య మేము ఆ ఆసుపత్రికి రోగులను దర్శింప వెళ్లగా, కాలిన గాయమునకు అంటుకొనిన గుడ్డకట్టును విప్పవలసి వచ్చినప్పుడు నర్సమ్మ అతనినే సాయమునకు పిలుచుట చూచితిమి. ఒక పసివాని చేతికంటిన కట్టును అతడు తడిపి, పోగు తరువాత పోగుగా విడదీసెను. పిల్లవాడు ఏడ్చెను గాని కేకలు వేయలేదు. ఎక్కడ నేర్చితివని మేము అడుగగా అతడు నవ్వెను.

“పడుగు అయిపోతే మగ్గం ఎవరు విప్పేస్తారండి? పాత పడుగు కొసలు అట్టే ఉంచి, కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటే వాటికి అతుకుతాం. వందల పోగులండి. ఒక్కటి వదిలినా బట్టలో తెలిసిపోతుంది. నేను చేసిందీ అంతేనండి.”

మేము ఇంత వ్రాసి చెప్పజూచినదానిని అతడు ఆ నాలుగు మాటలలో చెప్పెను.

అయితే ఒకటి దాచకూడదు. అతడు మా మాట విని ఆగిన ఆ రెండేండ్లలో ఇల్లు గడవక అతని పెద్దకూతురు బడి మానెను. బాకీ తీరుట మేలే, కాని మేము అందుకొరకు ఆగుమని చెప్పలేదు. వాక్యమును సగము చదివి ఆగుమని చెప్పితిమి. దేవుడు సమస్తమును మేలుకొరకు కూర్చువాడని మేము నమ్ముచున్నాము. ఆ నమ్మకము మా తప్పునకు కప్పు కాకూడదు. ఆ తండ్రియెదుట, ఆ కుమార్తెయెదుట మా తప్పును ఒప్పుకొంటిమి. ఆమె ఇప్పుడు టైలరింగు నేర్చుకొనుచున్నది. తెగిన ఆ పోగును అతుకుటకు సంఘము చేయగలిగినది చేయవలెనని పెద్దలందరము తీర్మానించితిమి.

మీ సంఘములో ఒకడు పని మార్చుకొనదలచి మీయొద్దకు వచ్చినయెడల, వెంటనే వచనము చూపకుడి. కూర్చుండబెట్టుడి. ఎన్ని పోగులు తెగనున్నవో, ఎన్ని అతుకవలసియున్నవో అతనితో కూడ లెక్కించుడి. పిమ్మట ప్రార్థించుడి.

చలిలో చేపను కాపాడిన దేవుడు మన మొదటి ఏండ్లను కడపటి ఏండ్లతో తెగకుండ కూర్చును గాక. ఆమేన్.